ఫోన్‌లో డాక్టరు సరే, నాన్న పక్కన ఎవరున్నారు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ప్రకాశం జిల్లా దర్శి దగ్గర ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నకు 67 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ. ఒంగోలు తీసుకెళ్లి చూపించాలంటే నేను సెలవు పెట్టి రావాలి, ఆయనకు రోజంతా పోతుంది. అందుకని రెండేళ్లుగా ఒక యాప్ ద్వారా ఫోన్‌లోనే చూపిస్తున్నాను. మందులు ఇంటికే వస్తాయి. మూడు నెలల కిందట నాన్న కుడి పాదం అడుగున, బొటనవేలి కింద బొబ్బ లేచి పగిలింది. వీడియోలో చూసిన డాక్టరు ఆయింట్‌మెంట్, ఐదు రోజుల యాంటీబయాటిక్ రాశారు. పది రోజులకు వాసన మొదలైంది. ఒంగోలు తీసుకెళ్తే సర్జన్ గారు పుండు శుభ్రం చేసి, ఇంకో వారం ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదన్నారు. ఇప్పుడు మానింది. కానీ అమ్మ ‘చెయ్యి పట్టి చూడని డాక్టరు ఏం డాక్టరురా’ అని అంటూనే ఉంది. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. తప్పు నాదేనా? ఫోన్ వైద్యం మానేయాలా? ఇక ముందు అంతా ఫోన్‌లోనే అంటున్నారు కదా, మా నాన్నలాంటి వాళ్ల సంగతేంటి?
– ఒక కొడుకు, హైదరాబాద్

జవాబు: ముందు మీ నిద్ర సంగతి. తప్పు మీది కాదు. బొబ్బ కనిపించిన రోజే మీరు డాక్టరుకు చూపించారు, చెప్పిన మందు వాడించారు, వాసన రాగానే సెలవు పెట్టి ఒంగోలు తీసుకెళ్లారు. కొడుకుగా చేయాల్సిందంతా చేశారు. షుగర్ ఉన్న మనిషి పాదం అడుగున పుండు అనగానే ‘ఇది ఫోన్‌లో చూసేది కాదు, ఈరోజే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి’ అని చెప్పాల్సింది వీడియోలో చూసిన డాక్టరు. అది చెప్పలేదు. అక్కడ జరిగింది పొరపాటు.

ఇక అమ్మగారి మాట. ఈ పుండు విషయంలో ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇదొక్కటి అర్థమైతే ఏది ఫోన్‌లో చూపించాలో, ఏది చూపించకూడదో మీకే తెలిసిపోతుంది.

షుగర్ పేషెంటు కాలు నా దగ్గరికి వస్తే నేను మొదట చేసే పని, చేతి వెనకవైపు ఆనించి రెండు పాదాల వేడి పోల్చి చూడటం. ఒకటి వెచ్చగా ఉంటే లోపల ఏదో జరుగుతున్నట్టు. తర్వాత పాదం పైభాగాన రెండు వేళ్లు పెట్టి నాడి వెతుకుతాను. నాడి అందకపోతే రక్తం సరిగా రావడం లేదని అనుమానం, అలాంటప్పుడు ఎంత మంచి యాంటీబయాటిక్ ఇచ్చినా అది పుండు దాకా చేరదు. ఆ తర్వాత పేషెంటును కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారం లాంటిదాన్ని అరికాలికి ఆనించి ‘తగిలిందా?’ అని అడుగుతాను. చాలామంది ‘ఇంకా పెట్టలేదు కదమ్మా’ అంటారు. అప్పటికే మూడుసార్లు పెట్టి ఉంటాను. పుండు అంచు నొక్కి చీము ఉందేమో చూడాలి, ఎముక దాకా దిగిందేమో పరికరంతో తడిమి చూడాలి, వాసన చూడాలి. వీటిలో ఒక్కటి కూడా కెమెరాకు అందదు. కెమెరాకు అందేది పైన రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, అంతే. పైగా మీ నాన్నగారు వీడియోలో ‘నొప్పేం లేదండీ’ అని చెప్పే ఉంటారు. నరాలు మొద్దుబారిన కాలికి నొప్పి తెలియదు. మామూలు మనిషిలో నొప్పి లేదంటే మంచి కబురు. షుగర్ కాలులో అదే భయపడాల్సిన మాట.

నా అనుభవంలో జరిగినదొకటి చెప్పాలి. కోవిడ్ రోజుల్లో నేనూ వారాల తరబడి ఫోన్‌లోనే పేషెంట్లను చూశాను. ఒకావిడ నీరసం అని వీడియో కాల్ చేసింది. మొహం తెల్లగా, కళగా కనిపించింది. పని ఒత్తిడి అనుకుని విటమిన్లు రాశాను. మూడు వారాల తర్వాత ఆయాసపడుతూ వచ్చింది. కింది కనురెప్ప లాగి చూస్తే కాగితంలా పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ ఆరు. ఫోన్ కెమెరాలు మొహాన్ని వాటంతట అవే నునుపు చేసి, వెలుగు పెంచి చూపిస్తాయి. ఆవిడ పాలిపోవడం నాకు కళగా కనిపించింది. ఆ రోజు నుంచి వీడియోలో కనిపించే రంగును నేను నమ్మడం మానేశాను. పసిరికలు, రక్తహీనత, పెదాలు నీలంగా మారడం లాంటి అనుమానం ఏమాత్రం ఉన్నా రమ్మనే అంటాను.

అలాగని ఫోన్ వైద్యం మానేయమని మీకు చెప్పను. ఎందుకంటే మీ నాన్నగారికున్న షుగరు, బీపీ విషయంలో అది నిజంగానే పనికొచ్చేది. పన్నెండేళ్లుగా ఉన్న జబ్బు. ఏడాదిలో ఆయనకు డాక్టరుతో పడే పని చాలావరకు అంకెల గురించే: పొద్దున షుగరెంత, బీపీ ఎంత, మాత్ర పెంచాలా తగ్గించాలా, కొత్త మాత్రతో కడుపులో తిప్పుతోందా. ఈ నాలుగు మాటల కోసం 67 ఏళ్ల మనిషిని బస్సెక్కించి, హాల్లో మూడు గంటలు కూర్చోబెట్టి, మధ్యాహ్నం భోజనం వేళ తప్పించడం ఏ రకంగానూ మంచి వైద్యం కాదు.

మన దేశంలో ఫోన్ వైద్యానికి 2020 మార్చి 25న నియమావళి వచ్చింది. లాక్‌డౌన్ మొదలైన రోజే అది వెలువడింది. అందులో పేషెంట్లు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, కానీ వాళ్లకు ఎవరూ చెప్పరు. ఫోన్‌లో చూసే డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు మీకు తెలియాలి, చీటీ మీద ఉండాలి. నేరుగా వచ్చి చూపించుకుంటామని పేషెంటు అంటే, లేదు ఫోన్‌లోనే చూస్తానని డాక్టరు పట్టుబట్టకూడదు. అత్యవసరమైతే వీలైనంత త్వరగా నేరుగా చూపించుకోమనే చెప్పాలి. అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు ఫోన్ మీద రాసివ్వడానికి వీల్లేదు. అలా రాసిచ్చే చోటు కనిపిస్తే ఆ యాప్ తీసేయండి. ఇవన్నీ మన దేశంలో రిజిస్టరైన డాక్టర్లకు వర్తించే నియమాలు. అమెరికాలో ఉన్న బంధువుల డాక్టరబ్బాయి రిపోర్టులు చూసి అర్థం చెప్తే వినండి, అది మంచిదే. మందు మార్చమంటే మాత్రం ఇక్కడి డాక్టరును అడక్కుండా మార్చకండి.

ఆ నియమావళిలో నాకు అన్నిటికంటే సబబుగా అనిపించిన మాట ఒకటుంది. ఒక జబ్బుకు డాక్టరు మిమ్మల్ని నేరుగా చూశాక ఆరు నెలల లోపు అదే జబ్బు గురించి ఫోన్ చేస్తే దాన్ని ‘ఫాలో అప్’గా లెక్కేస్తారు, ఆ డాక్టరుకు మందుల విషయంలో కొంచెం ఎక్కువ వెసులుబాటు ఇస్తారు. అంటే ముందు పరిచయం, తర్వాతే ఫోన్. మీరు రాయలేదు గానీ, ఆ యాప్‌లో మీకు ప్రతిసారీ ఒకే డాక్టరు దొరికి ఉండరని నా అనుమానం. మీ నాన్నగారి కాలు పోయినేడాది ఎలా ఉండేదో తెలిసిన మనిషి ఆ స్క్రీను అవతల లేరు. ఇప్పుడు మీరు చేయాల్సింది, ఒంగోలులోనో పొదిలిలోనో మీకు అందుబాటులో ఉండే ఒక ఫిజీషియన్‌ను పట్టుకోవడం. ‘మధ్యలో ఫోన్‌లో మాట్లాడొచ్చా? ఫీజెంత?’ అని మొదటి రోజే అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. ఫోన్ సలహాకు ఫీజు తీసుకునే హక్కు డాక్టరుకు ఉంది, రసీదు అడిగే హక్కు మీకుంది.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న, ఇక ముందు అంతా ఫోన్‌లోనేనా అన్నది. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతానికి దీంతో పాతికేళ్ల పరిచయం ఉంది. 2000 సంవత్సరంలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్లు టెలిమెడిసిన్ (దూరవైద్యం) కేంద్రం పెట్టారు. ఆ మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. ఆ తర్వాత ఇస్రో ఉపగ్రహాల సాయంతో మారుమూల ఆసుపత్రులను పెద్దాసుపత్రులతో కలిపింది. 2019 చివర్లో కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని అనే దూరవైద్య సేవ తెచ్చింది. 2023 ఫిబ్రవరికి దాని ద్వారా జరిగిన సంప్రదింపులు పది కోట్లు దాటితే, అందులో మూడు కోట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్ నుంచే. అప్పటికి దేశంలో మరే రాష్ట్రమూ దగ్గర్లో లేదు.

అందులో ఎక్కువ భాగం ఎవరో ఇంట్లో కూర్చుని సొంత ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడినవి కావు. పల్లెటూరి హెల్త్ క్లినిక్‌లో నర్సింగ్ చదివిన ఒక అమ్మాయి ఉంటుంది. సీహెచ్‌ఓ అంటారు, ఎంఎల్‌హెచ్‌పీ అని కూడా అంటారు. ఆ అమ్మాయి పేషెంటును కూర్చోబెట్టి, బీపీ చూసి, షుగరు చూసి, ట్యాబ్‌లో డాక్టరును కలుపుతుంది. డాక్టరు అడిగింది పేషెంటుకు అర్థమయ్యే మాటల్లో మళ్లీ అడుగుతుంది. పొట్ట నొక్కమంటే నొక్కుతుంది. మందులు తన దగ్గరున్నవి తానే ఇస్తుంది.

కంటి వైద్యం చూడండి. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు పల్లెల్లో విజన్ సెంటర్లు నడుపుతున్నారు. అక్కడ డాక్టరు ఉండరు. శిక్షణ తీసుకున్న టెక్నీషియన్ ఉంటారు, కన్ను పరీక్ష చేస్తారు, అనుమానం ఉంటే దూరాన ఉన్న డాక్టరును సంప్రదిస్తారు. గుండెపోటు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో గుండెపోటు వచ్చినవాళ్ల కోసం స్టెమి అనే కార్యక్రమం మొదలైంది. చిన్న ఊరి ఆసుపత్రిలో ఈసీజీ తీసి పంపితే, పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరు చూసి చెప్తారు, రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ అక్కడికక్కడే డ్యూటీ డాక్టరు ఇస్తారు. వేలల్లో ఖర్చయ్యే ఇంజక్షన్, ఉచితంగా. గంట ప్రయాణంలో పోవాల్సిన ప్రాణం అక్కడే నిలబడుతుంది. ఇంతకాలం నేను చూసినంతలో, దూరవైద్యం బాగా నడిచిన ప్రతి చోటా పేషెంటు పక్కన పని తెలిసిన మనిషి ఒకరున్నారు. మనిషి లేకుండా ఫోన్ ఒక్కటే ఉన్నచోట మీ నాన్నగారి కాలికి జరిగిందే జరుగుతుంది.

అందుకే దీని భవిష్యత్తు గురించి నన్నడిగితే కొత్త యాప్‌ల గురించి చెప్పను. ఆ సీహెచ్‌ఓ అమ్మాయికి ఎంత నేర్పిస్తున్నారు, జీతం వేళకు వస్తోందా, ఆమె గదిలో నెట్ వస్తోందా అని చూస్తాను. కంటి లోపలి పొర ఫోటో చూసి షుగర్ వల్ల దెబ్బ తగిలిందో లేదో కంప్యూటరే చెప్పే పద్ధతి ఇప్పటికే వచ్చింది, అది మంచిది, ఇంకా రావాలి. కానీ ఆ ఫోటో తీసే చెయ్యి ఊళ్లో ఉండాలి. ఏఐ పేషెంటుకు నేరుగా మందు రాయకూడదని, డాక్టరుకు సాయంగా మాత్రమే ఉండాలని 2020 నియమావళే చెప్పింది. అది మారకూడదని నేను గట్టిగా కోరుకుంటాను. నాకున్న పెద్ద భయం వేరే. ‘ఫోన్‌లో స్పెషలిస్టు దొరుకుతున్నాడు కదా’ అని పీహెచ్‌సీల్లో డాక్టరు పోస్టులు ఖాళీగా వదిలేస్తారేమోనని. ఊరి వాళ్లు అది ఒప్పుకోకూడదు. ట్యాబ్ ఇచ్చి డాక్టరును తీసేస్తామంటే నిలదీయాలి.

ఇప్పుడు మీ ఇంటికొద్దాం. మీ ఊరి క్లినిక్‌లో ఆ అమ్మాయి ఉందో లేదో కనుక్కుని, నాన్నగారిని ఒకసారి పంపండి. బీపీ, షుగరు మాత్రలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి, పేరు రాయించుకుంటే నెలనెలా చూస్తారు. మీ ఫిజీషియన్‌తో వీడియో మాట్లాడే రోజున నాన్నగారు ఆమె దగ్గరే కూర్చుంటే ఇంకా మంచిది.

ఇంట్లో బీపీ మిషన్ ఉండే ఉంటుంది. మణికట్టుకు కట్టేది అయితే మార్చి, జబ్బకు కట్టేది కొనండి. పొలం నుంచి రాగానే, కాఫీ తాగగానే చూడొద్దు. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేల మీద ఆనించి, మాట్లాడకుండా కూర్చుని, అప్పుడు రెండుసార్లు చూసి రెండూ రాయాలి. ఇంట్లో చూసినప్పుడు 135/85 కంటే తరచూ ఎక్కువొస్తుంటే డాక్టరుకు చెప్పాలి. షుగర్ చుక్కకు ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే రెండు వందలున్నది మూడు వందలు చూపిస్తుంది, ఆ అంకె నమ్మి ఫోన్‌లో డాక్టరు మందు పెంచితే ఆ రాత్రికి షుగర్ పడిపోతుంది. అంకెలన్నీ ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాయించండి. చీటీలు, రిపోర్టులు ఫోటోలు తీసి ఉంచండి. ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) తీసుకుని ఉంటే రిపోర్టులు దానికి జతచేసుకోవచ్చు. నంబరున్నా లేకపోయినా నోట్‌బుక్ మాత్రం మానొద్దు.

ఇంకొకటి, ఇది కొంచెం నొచ్చుకోకుండా వినండి. మీలాంటి శ్రద్ధ ఉన్న పిల్లలు కాల్‌లో ఉన్నప్పుడు మొత్తం వాళ్లే మాట్లాడతారు. హైదరాబాద్ నుంచి కొడుకు చెప్తుంటాడు, ఊళ్లో నాన్న తలూపుతుంటాడు, వెనక నుంచి అమ్మ ‘మొన్న కళ్లు తిరిగి కూలబడ్డాడు, అది చెప్పు’ అంటుంది, ఆ మాట ఎవరికీ వినిపించదు. నాకు పనికొచ్చేది ఆ వెనక మాటే. మొదటి ఐదు నిమిషాలు మీరు మ్యూట్‌లో ఉండండి. అమ్మగారిని ముందుకు రమ్మనండి. తర్వాత కాసేపు డాక్టరుతో నాన్నగారిని ఒక్కరినే వదిలేయండి. మూత్రం పట్టు తప్పుతోందనో, భార్యాభర్తల మధ్య ఇబ్బంది అనో కొడుకు ముందు ఏ తండ్రీ చెప్పడు. అవి షుగర్ వల్ల కూడా రావచ్చు, మందుంది. అమ్మగారి జబ్బు సంగతి కూడా అంతే, ఆవిడకు సొంత ఫోన్ ఉందా? లేకపోతే వచ్చే పండక్కి ఒకటి కొనివ్వండి. ఇంట్లో అందరి గురించి చెప్పే మనిషికి తన గురించి చెప్పుకునే దారి ఉండాలి.

ఎప్పుడు ఫోన్ సలహా కోసం చూడకూడదో అది కూడా ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. గుండెలో నొప్పి, అది గ్యాస్ అనిపించినా సరే. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం: పక్షవాతం మందుకు నాలుగున్నర గంటలే గడువు. ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం, పాము కాటు. వీటికి నాకు గానీ, మీకు గానీ ఫోన్ చేస్తూ కూర్చోకూడదు, 108కి చేయాలి.

నిద్ర పట్టడం లేదన్నారు. మూడు నెలలైంది కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. ఫోన్ వైద్యం బాగా పనికొచ్చే చోటు ఏదంటే మొదట ఇదే చెప్తాను. ఇక్కడ నాడి పట్టక్కర్లేదు, వినే మనిషి ఉంటే చాలు.

చివరగా ఆ కాలు. మానిందని వదిలేయకండి. ఇలాంటి పుండు ఒకసారి వచ్చిన వాళ్లలో నూటికి నలభై మందికి ఏడాది లోపే మళ్లీ వస్తుంది. అందుకని కొంతకాలం నెలకో, రెండు నెలలకో ఒకసారి ఎవరో ఒకరు, డాక్టరు గానీ శిక్షణ ఉన్న నర్సు గానీ, ఆ పాదాన్ని చేత్తో పట్టుకుని చూడాలి. మెత్తటి రబ్బరు అడుగుండే ఎంసీఆర్ చెప్పులు కొనివ్వండి, ఇంట్లో కూడా వేసుకోమనండి. వేడినీళ్లలో కాలు పెట్టే ముందు నాన్నగారు కాదు, అమ్మగారు చెయ్యి పెట్టి చూడాలి. రోజూ రాత్రి పడుకునే ముందు ఆవిడనే ఆయన రెండు పాదాలూ దీపం వెలుగులో చూడమనండి, అరికాలు, మడమ, వేళ్ల సందులు. ఎర్రగా ఉన్నా, వెచ్చగా తగిలినా మీకు ఫోన్ చేయమనండి. అప్పుడు మీరు యాప్ తెరవకండి, ఒంగోలుకు బండి మాట్లాడండి.